బాలానగర్ నుంచి బయల్దేరినవాళ్లు

శ్రోతలకు నమస్కారం.

హైదరాబాద్ మందుల పరిశ్రమ అనగానే నాలుగైదు పెద్ద కంపెనీల పేర్లు గుర్తొస్తాయి. నేను మాత్రం ఖాయిలా పడిన ఒక సంస్థతో మొదలుపెడతాను. అది ఐడీపీఎల్, అంటే ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ లిమిటెడ్. 1961లో కేంద్ర ప్రభుత్వం పెట్టింది. సోవియట్ సాయంతో బాలానగర్‌లో దాని ఫ్యాక్టరీ వచ్చింది. చివరికి నష్టాల్లో కూరుకుపోయింది. అయితే మూతపడేలోపు ఎంతోమంది కెమిస్టులకు పని నేర్పింది.

ఆ పని పుస్తకాల్లో దొరికేది కాదు. ల్యాబ్‌లో నాలుగు గ్రాములు చేసిన మందునే రియాక్టర్‌లో, అంటే రసాయనాలు కలిపే పెద్ద పాత్రలో, టన్ను చేయబోతే వేడి అదుపు తప్పుతుంది, రసాయనాలను కరిగించే సాల్వెంట్ వృథా అవుతుంది, ఖర్చు తడిసి మోపెడవుతుంది. షిఫ్టుల్లో నిలబడి నేర్చుకోవలసిందే. అలా నేర్చుకున్నవారిలో ఒకరు తాడేపల్లి పసుపు రైతు కొడుకు కల్లం అంజిరెడ్డి. ఐడీపీఎల్ వదిలాక ఒకటి రెండు కంపెనీల్లో భాగస్వామిగా ఉండి, 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు.

చట్టం కూడా కలిసొచ్చింది. 1972లో అమల్లోకి వచ్చిన పేటెంట్ చట్టం మందుకు కాకుండా, దాన్ని తయారుచేసే పద్ధతికి మాత్రమే పేటెంటు ఇచ్చేది. వేరే దారిలో అదే మందు చేయగల కెమిస్టుకు అంతకన్నా ఏం కావాలి! 2005 దాకా ఆ వెసులుబాటు ఉంది.

ఇక్కడి నుంచి కథ గొలుసుకట్టుగా సాగుతుంది. అంజిరెడ్డితో కలిసి పనిచేసిన మురళి దివి 1990లో దివీస్ పెట్టారు. డాక్టర్ రెడ్డీస్ పరిశోధన విభాగంలో పనిచేసిన పార్థసారథి రెడ్డి 1993లో హెటిరో పెట్టారు. పని నేర్చినవాడు ఇలా వెళ్లిపోవడం ఉన్న కంపెనీకి కడుపుమంటే. ప్రాంతానికి మాత్రం అదే అదృష్టం. వెళ్లినవాడు బొంబాయి పోలేదు, హైదరాబాద్ శివార్లలోని జీడిమెట్లలోనో బొల్లారంలోనో షెడ్డు వేశాడు. అతని కోసం రియాక్టర్లు చేసేవాళ్లు, సాల్వెంట్ వ్యాపారులు, ట్యాంకర్లవాళ్లు వచ్చారు. జిల్లాల్లో కెమిస్ట్రీ చదివిన పిల్లలకు బస్సెక్కడానికి ఒక కారణం దొరికింది.

పన్ను రాయితీలతో కూడా ఫ్యాక్టరీలు వస్తాయి, కాదనను. 2003లో రాయితీలు ప్రకటించాక హిమాచల్‌లోని బద్దికి మందుల కంపెనీలు బారులు తీరాయి. హైదరాబాద్ కంపెనీలూ వెళ్లాయి, టాబ్లెట్లు అక్కడ చేసుకున్నాయి. కానీ ప్రధాన కార్యాలయాలు ఇక్కడే ఉన్నాయి. నా దృష్టిలో ప్రభుత్వాలు రాయితీల మీద పెట్టే శ్రద్ధలో సగం పని నేర్పే చోట్ల మీద పెడితే ఎక్కువ ఫలం ఉంటుంది.

ఇక చెప్పకుండా దాటేయలేని సంగతి హైదరాబాద్ శివారు పారిశ్రామికవాడ పటాన్‌చెరు. కంపెనీలు పక్కపక్కనే చేరితే వాటి మురుగూ ఒకచోటే చేరుతుంది. నక్కవాగు పాడైంది, పొలాలు పోయాయి, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2007లో ప్రచురించిన అధ్యయనంలో, స్వీడన్ పరిశోధకులు అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలిన నీటిని పరీక్షిస్తే, మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదును మించి సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కనిపించింది. శుద్ధి చేశాక ఉన్న నీళ్లవి! ఉద్యోగాలు వందల ఊళ్లకు పంచుకున్నాం, ఆ నీళ్లు మాత్రం వాగు పక్క ఊళ్లకే వదిలాం. ఇవాళ ఫార్మా పేరు చెప్పి భూమి అడిగితే, ఊళ్లవాళ్లు ఎన్ని ఉద్యోగాలిస్తారని అడిగే ముందు నీళ్ల సంగతేమిటని అడుగుతున్నారు.

సెలవు.