బంకు దగ్గర క్యూ ఎందుకు? అసలు టెన్షన్ గ్యాస్ బండది!

నమస్కారమండీ. గల్ఫ్‌లో గొడవ అనగానే మనవాళ్లు బంకుకి పరిగెత్తి ట్యాంకు ఫుల్ చేయించుకుంటారు. నన్నడిగితే ముందు భయపడాల్సింది వంటగ్యాస్ గురించి.

పెట్రోలు, డీజిలు మన రిఫైనరీల్లోనే తయారవుతాయి, విదేశాలకి కూడా అమ్ముతాం. ముడిచమురు ఒకచోట ఆగితే ఇంకోచోట కొనుక్కోవచ్చు. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అదే జరిగింది. అప్పటిదాకా నామమాత్రంగా ఉన్న రష్యా చమురు, రెండేళ్లలో మన దిగుమతుల్లో మూడో వంతుకి చేరింది. పైగా విశాఖలో రాతిని తొలిచిన గుహల్లో 13.3 లక్షల టన్నుల ముడిచమురు దాచుకోవచ్చు.

గ్యాస్ అలా కాదు. మనం వాడే ఎల్పీజీలో సగానికి పైగా బయటి నుంచే రావాలి. అందులో ఎక్కువ భాగం వచ్చేది గల్ఫ్ నుంచి ఓడలు బయటికొచ్చే సముద్ర దారి, హొర్ముజ్ జలసంధి దాటే. ఇరుకైన చోట దాని వెడల్పు 33 కిలోమీటర్లే. విశాఖలో గ్యాస్‌కీ ఒక గుహ ఉంది, పట్టేది మాత్రం 60 వేల టన్నులు. అమెరికా నుంచి తెప్పించుకోవచ్చు, కానీ ఆ ఓడ రావడానికి నెల పైనే పడుతుంది.

ఇక ధర. మన గ్యాస్ రేటు సౌదీ ప్రభుత్వ చమురు కంపెనీ అరాంకో నెలనెలా ప్రకటించే ధర వెంట నడుస్తుంది. ఇంటి బండ మీద ఆ భారమంతా పడనివ్వరు. 2022 అక్టోబరులో ఆయిల్ కంపెనీల నష్టానికి కేంద్రం 22 వేల కోట్లు ఇచ్చింది. అదీ మన పన్నుల డబ్బేలెండి! 19 కిలోల కమర్షియల్ సిలిండర్‌కి ఆ దయ లేదు. 2022 మే 1న ఢిల్లీలో దాని ధర 2,355 రూపాయలు దాటింది. అంటే కిలో 124 రూపాయలు. అదే రోజు ఇంటి బండలో కిలో 67. ఇంత తేడా ఉంటే ఇంటి బండలు దొంగచాటుగా హోటళ్లకి పోక ఏం చేస్తాయి?

నిజాయితీగా కొనే టిఫిన్ సెంటర్ ఆయన సంగతి చూడండి. ప్లేటు ఇడ్లీ ఐదు రూపాయలు పెంచితే జనం పక్క బండి దగ్గరికి పోతారు. అందుకని ముందు చట్నీలో కొబ్బరి తగ్గి పుట్నాలు పెరుగుతాయి. రెండోసారి సాంబారు అడిగితే వినపడనట్టు ఉంటాడు. ఆఖరికి రేటూ పెంచుతాడు. తర్వాత గ్యాస్ దిగినా ఆ బోర్డు మీద అంకె మాత్రం దిగదు.

హోటల్ నడిపేవాళ్లు ఎవరైనా చూస్తుంటే, నెలకి ఎన్ని సిలిండర్లు పడుతున్నాయో, కట్టెల పొయ్యికి మారారేమో కామెంట్లో రాయండి.