రెండు సరస్సుల నడుమ మాడిసన్‌లో ఒక రోజు

అందరికీ నమస్కారం. షికాగో చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్లలో చాలామందికి విస్కాన్సిన్ అనగానే పిల్లల వాటర్ పార్కులున్న డెల్స్ గుర్తుకొస్తుంది. దారిలోనే ఉన్న రాష్ట్ర రాజధాని మాడిసన్ మాత్రం ఐ-90 మీద ఒక ఎగ్జిట్ బోర్డుగానే మిగిలిపోతుంది. ఈ వీడియోలో ఆ ఊరినే చూపిస్తున్నాను. షికాగో నుంచి కారులో సుమారు రెండున్నర గంటల ప్రయాణం కాబట్టి, పొద్దున్నే బయలుదేరితే హోటల్ అవసరం లేకుండా చూసి రావచ్చు.

ఉత్తరాన మెండోటా, దక్షిణాన మోనోనా అనే రెండు సరస్సులు, వాటి మధ్య ఒక సన్నని నేల, ఆ నేల మీద నగరం నడిబొడ్డు. 1836లో జేమ్స్ డోటీ అనే ఆయన ఈ స్థలాన్ని కొని, ఇంకా ఒక్క ఇల్లు కూడా లేవకముందే కాగితం మీద పట్నం గీసి, శాసనసభ్యులకు ప్లాట్లు ముట్టజెప్పి మరీ రాజధానిని ఇక్కడికి రప్పించుకున్నాడు. అదే ఏడాది కన్నుమూసిన మాజీ అధ్యక్షుడు జేమ్స్ మాడిసన్ పేరు ఊరికీ, అమెరికా రాజ్యాంగం మీద సంతకాలు చేసినవారి పేర్లు వీధులకూ పెట్టారు.

మీరు వెళ్లదలిస్తే వేసవిలో, అదీ శనివారం వెళ్లండి. రాష్ట్ర శాసనసభ కొలువుండే క్యాపిటల్ భవనం చుట్టూ ఉన్న చౌకులో 1972 నుంచి రైతుల సంత జరుగుతోంది. ఇక్కడ అమ్మేవాళ్లు తాము పండించినదో, తాము తయారుచేసినదో మాత్రమే అమ్మాలన్నది నియమం కాబట్టి, ఈ ప్రాంతంలో ఆ వారం ఏం చేతికొచ్చిందో అదే కనిపిస్తుంది. జనమంతా గడియారం ముల్లుకు ఎదురు దిశలో నెమ్మదిగా కదులుతారు. గుడి చుట్టూ ప్రదక్షిణకు అలవాటుపడిన కాళ్లకు ఇది అప్రదక్షిణమే, కానీ స్ట్రోలర్‌తో ఎదురు నడిచే ధైర్యం ఎవరూ చేయకండి. మేము తాజా చీజ్ కర్డ్స్ కొన్నాం, అంటే పెరుగు కాదు, ఇంకా దిమ్మగా అదమని చీజ్. వేలెడంత కూడా లేని తెల్లని ముక్కలు. కొరికితే పళ్ల మధ్య కీచుమంటాయి. ఆ చప్పుడు ఒకటి రెండు రోజుల్లో పోతుంది కాబట్టి ఇంటికి దాచుకోకుండా అక్కడే తినేయడం మేలు. పూర్తి శాకాహారులైతే అందులో పాలు గడ్డకట్టడానికి వాడిన రెన్నెట్ దూడ పొట్టలోంచి తీసినదా కాదా అని ఒకమాట అడిగి కొనండి.

క్యాపిటల్ లోపలికి వెళ్లడానికి టికెట్టు లేదు. అంతకుముందున్న భవనం 1904లో కాలిపోగా, 1906లో మొదలుపెట్టి 1917లో దీన్ని పూర్తిచేశారు. తెల్లని గ్రానైట్ గుమ్మటం పైన బంగారు పూతతో నిలబడిన స్త్రీమూర్తిని చెక్కినది డేనియల్ చెస్టర్ ఫ్రెంచ్. వాషింగ్టన్‌లోని లింకన్ విగ్రహమూ ఆయన రూపకల్పనే. కెమెరాను జూమ్ చేసి చూడండి, ఆమె శిరస్త్రాణం మీద బొరియలు తవ్వుకుని బతికే బ్యాడ్జర్ అనే జంతువు కూర్చుని ఉంటుంది. వెనకటి రోజుల్లో ఇక్కడి సీసపు గనుల కూలీలు చలికి కొండవాలుల్లో బొరియలు తవ్వుకుని ఉండేవారట, ఆ జంతువు రాష్ట్రానికి గుర్తు కావడానికి కారణం అదే. నాకు గుమ్మటం కంటే నచ్చినది దాని చుట్టూ ఉన్న ఆకాశం. ఒక మైలు పరిధిలో గుమ్మటం కింది స్తంభాల మొదలును మించి ఏ భవనమూ లేవకూడదని 1990లో చట్టం చేయడం వల్ల, గుమ్మటాన్ని గుర్తుగా పెట్టుకుని తిరిగితే దారి తప్పే భయం ఉండదు.

అక్కడి నుంచి స్టేట్ స్ట్రీట్ నేరుగా విశ్వవిద్యాలయానికి చేరుస్తుంది. అంగళ్ల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, మరో కాలేజీ వీధి అంతే. విశ్వవిద్యాలయం మాత్రం వేరు. 1848లో మొదలైన ఈ ప్రాంగణంలోనే 1960 నుంచి దశాబ్దం పాటు పనిచేసిన హర్ గోబింద్ ఖొరానా, జన్యు సంకేతాన్ని విప్పిన కృషికి 1968లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు. మా అబ్బాయికి ఆ సంగతి చెబితే, ముందు ఐస్‌క్రీం సంగతి చూడమన్నాడు. అదీ విశ్వవిద్యాలయం సొంత డెయిరీదే. ఆ డెయిరీకి పేరిచ్చిన స్టీఫెన్ బాబ్‌కాక్ 1890లో పాలలో వెన్న శాతం కొలిచే తేలిక పద్ధతి కనిపెట్టడంతో, నీళ్లు కలిపినవాడికీ చిక్కని పాలు పోసినవాడికీ ఒకే ధర కట్టే అన్యాయం తగ్గింది.

విశ్వవిద్యాలయానిదే అయిన, సరస్సు ఒడ్డునున్న మెమోరియల్ యూనియన్ టెర్రస్ మీద, వెనుక సూర్యకిరణాల నమూనా ఉన్న ఆ ఇనుప కుర్చీల్లో కూర్చుంటే మెండోటా అంతా కళ్ల ముందు ఉంటుంది. అది ఎప్పుడు గడ్డకట్టిందో, ఎప్పుడు కరిగిందో 1850ల నుంచి నమోదు చేస్తూ వచ్చారు. మంచు నిలిచే కాలం తగ్గిపోతోందని ఆ లెక్కలే చూపిస్తున్నాయి. ఎండాకాలం చివర్లో నీటి మీద ఆకుపచ్చ నాచు తేలితే పిల్లలను దిగనివ్వకండి. చుట్టుపక్కల పొలాల నుంచి, పశువుల ఎరువు నుంచి వచ్చే ఫాస్ఫరస్ దానికి మేత, అందులో కొన్ని రకాలు విషపూరితం. బీచ్ మూసి ఉందో లేదో ముందే చూసుకోవడం మంచిది.

సాయంత్రం మోనోనా సరస్సు ఒడ్డునున్న సమావేశాల భవనం మోనోనా టెర్రస్‌కు వెళ్లాం. ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1938లో దీన్ని ప్రతిపాదిస్తే, ఊరి వాదోపవాదాలన్నీ ముగిసి తలుపులు తెరుచుకునేసరికి 1997 వచ్చింది. ఆయన 1959లోనే పోయారు. మిద్దె తోట నుంచి ఒకవైపు సరస్సు, మరోవైపు గుమ్మటం కనిపిస్తాయి కనుక ఫొటోలకు ఇదే సరైన చోటు. ఓల్‌బ్రిక్ తోటలోని థాయ్ మంటపం చూడడానికి మాకు వెలుతురు చాలలేదు. దానికోసం మధ్యాహ్నమే స్టేట్ స్ట్రీట్‌లో ఒక గంట కోసేసుకోండి.