మా మేనత్తకు దయ్యం పట్టలేదు

సర్పంచ్ గారికి, హెడ్మాస్టర్ గారికి, పిల్లలకు, గోడ పక్కన నిలబడ్డ అక్కలకు, అన్నలకు నమస్కారం. జూన్ 26 మాదకద్రవ్యాల వ్యతిరేక దినం కదా, గంజాయి గురించి చెప్పమన్నారు. రాసుకొచ్చాను కూడా. కానీ వచ్చే దారిలో కల్లు కాంపౌండు ముందు పొద్దున ఎనిమిదింటికే జనం కూర్చొని ఉన్నారు. ఆ కాగితం జేబులోనే ఉండనివ్వండి.

గౌడన్నలు కోపం చేసుకోవద్దు. మా నాయన ఈతచెట్లు గీసినవాడే. తెల్లారకముందే మోకు భుజాన వేసుకొని పోయేవాడు. ఆయన దించిన లొట్టిలో కల్లు తియ్యగా ఉండేది, పొద్దెక్కే కొద్దీ పులిసేది. నేను చెప్పేది ఆ చెట్టుకల్లు గురించి కాదు. చెట్లు తగ్గాయి, గిరాకీ పెరిగింది. నీళ్లు కలిపి, తీపికి సాక్రిన్ వేశారు. మరి మత్తుకు? క్లోరల్ హైడ్రేట్, డైజిపాం, అల్ప్రాజోలం.

క్లోరల్ హైడ్రేట్ 1832లో జర్మనీలో పుట్టింది, తర్వాత నిద్రమందు అయింది. డైజిపాం ఆందోళన తగ్గించే మందు, 1963లో వాలియం పేరుతో వచ్చింది. అల్ప్రాజోలం టెన్షన్‌కు డాక్టర్లు ఇప్పటికీ రాసేదే, పావు మిల్లీగ్రాము, అర మిల్లీగ్రాము చొప్పున. 30 ఏళ్లు మందుల షాపు నడిపాను, చీటీ లేకుండా ఒక్క బిళ్ల ఇవ్వలేదు. అదే మందు పొడి సీసాలో ఎంత పడిందో కలిపినవాడికే తెలియదు.

2015 సెప్టెంబరు. కల్తీ మీద దాడులు మొదలై మా నిజామాబాద్ వైపు, పాలమూరు వైపు కల్లు ఆగింది. మా మేనత్త పగలంతా బీడీలు చుట్టి సాయంత్రం రెండు సీసాలు తాగేది. రెండో రోజుకి చేతులు వణికి ఆకు మడత పడలేదు. మూడో రోజు చచ్చిపోయిన మామతో మాట్లాడింది. రాత్రి ఫిట్స్ వచ్చాయి. దయ్యం పట్టిందని వేపమండలు తెచ్చారు. మందులు అమ్మేవాణ్ని, నాకూ తట్టలేదు. అది ఇప్పటికీ నన్ను తినేస్తుంది.

ఆసుపత్రిలో అలాంటివాళ్లే నిండి ఉన్నారు. డాక్టరు ఆమెకు డైజిపామే ఎక్కించాడు. "ఆ విషమే మళ్లీ ఇస్తారా?" అని మా బావ మీదికి పోయాడు. ఏళ్ల తరబడి ఆ మందుకు అలవాటు పడ్డ మెదడుకు అది ఒక్కసారిగా అందకపోతే అదుపు తప్పుతుంది, ప్రాణం కూడా పోవచ్చు. అందుకే లెక్కగా ఇస్తూ కొద్దికొద్దిగా తగ్గిస్తారు. అత్త బతికింది, నెలల తర్వాత గానీ మనిషి కాలేదు.

దుకాణాలు మూయడం తప్పని నేను అనను. కానీ మూసేముందు డప్పు కొట్టించి ఒక్క చాటింపు వేయించలేదు. "వణుకు వస్తే, ఫిట్స్ వస్తే ఆసుపత్రికి తీసుకురండి" అని ఒక్క మాట! ఒక్క మాట చెప్పి ఉంటే వేపమండల దగ్గర ఆ రాత్రంతా పోయేది కాదు.

అక్కలారా, మీ ఇంట్లో రోజూ తాగేవాళ్లుంటే రేపటి నుంచే బంద్ అని గదిలో పెట్టి గొళ్లెం వేయకండి. ముందు డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. పిల్లలూ, 14416 రాసుకోండి, అది మానసిక ఆరోగ్యం కోసం సర్కారు పెట్టిన ఫోన్ నంబరు. తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు.

గంజాయి గురించి ఇంకోసారి వస్తాను. సభ అయ్యాక పంచాయతీ అరుగు మీద చీకటి పడేదాకా ఉంటాను. నలుగురిలో చెప్పుకోలేనివాళ్లు అక్కడికి రండి.