పుంజును ఇల్లరికం పంపండి: నాటుకోళ్లలో రక్తం పలచబడకుండా జాతిని నిలపడం

(దృశ్యం: అరచేతిలో ఒకరోజు కోడిపిల్ల. వేళ్ల మధ్య పల్చని పొర మీద చిన్న రంధ్రం.)

నమస్కారం. ఈ పిల్ల వేళ్ల మధ్య పొరకు పెట్టిన చిన్న రంధ్రం దగ్గరి నుంచే మొదలుపెడదాము. ఒక్కో కాలికి ఇలాంటి పొరలు రెండు చొప్పున మొత్తం నాలుగు ఉంటాయి. ఏ పొరకు రంధ్రం పెట్టాము, దేనికి పెట్టలేదు అన్న తేడాతో 16 రకాల గుర్తులు వస్తాయి కనుక, ఈ పిల్ల ఏ పెట్టకు పుట్టిందో అది ముసలిదైనా చెప్పవచ్చు. ఈ గుర్తు, దాని పక్కన ఒక నోటు పుస్తకం లేనివారు లైన్ బ్రీడింగ్ (నచ్చిన పక్షి సంతానాన్నే జతకట్టి జాతిని నిలపడం) జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

(దృశ్యం: వేపచెట్టు కింద గంపలు, అసీల్ పెట్టలు.)

కావలి దగ్గర మా పెరట్లో నేను పెంచేవి పందెం కోళ్లుగా పేరుపడిన అసీల్ జాతి కోళ్లు. పందేల ఊసు ఇక్కడ లేదు, అది చట్టం నిషేధించిన పని. నాకు కావలసినవి వెడల్పయిన ఛాతీ, మా ఎండలకు తట్టుకునే ఒళ్లు, గద్ద వాలితే పిల్లలను వదిలి పారిపోని పెట్ట. అలాంటి గుణాలున్న పుంజు ఒకటి దొరికిందనుకోండి. దాని రక్తం బిడ్డల్లో సగం, బయటి పుంజుతో జతకడితే మనవళ్లలో పావు, ఆ తర్వాత అరపావు ఉంటుంది. అలా పలచబడకుండా, నచ్చిన పక్షి సంతానంలోనే చుట్టరికం చూసి జతకట్టుకుంటూ పోవడమే లైన్ బ్రీడింగ్.

ఎంత దగ్గరి చుట్టరికం అన్నదే అసలు ప్రశ్న. మేనరికాలు ఎరిగిన మనకు ఇది వివరించడం కష్టం కాదు. ఒకే పూర్వికుని జన్యువు తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ వచ్చి బిడ్డలో జతపడే అవకాశాన్ని శాతంలో లెక్కిస్తారు. బావామరదళ్ల బిడ్డకు అది 6.25, మేనమామ మేనకోడళ్ల బిడ్డకు 12.5. కోళ్లలో తాతను మనవరాలితోనో, తండ్రి ఒక్కడై తల్లులు వేరైన అన్నాచెల్లెళ్లనో జతకడితే అదే 12.5 వస్తుంది. తండ్రిని కూతురితో గాని, ఒకే తల్లిదండ్రుల పిల్లలను తమలో తాము గాని కలిపితే 25కు పోతుంది. ఈ లెక్క పెరిగేకొద్దీ గుడ్లు ఖాళీగా మిగలడం, పిల్ల పెంకులోనే చచ్చిపోవడం, పొదిగినవి నీరసంగా ఉండడం ఎక్కువవుతాయి.

దగ్గరి జత కొత్తగా చెడును పుట్టించదు, దాగి ఉన్నదాన్ని బయటపెడుతుంది. మంచిని కూడా అలాగే బయటపెడుతుంది. అందుచేత 20 పిల్లలు పుడితే వాటిలో 15 కూరకు పోయినా బాధపడని మనసు ఉండాలి. రంగు బాగుందని ముద్దుకొద్దీ బలహీనమైన పెట్టను దాచుకునేవారిని చాలామందిని చూశాను, ఆ మాటకొస్తే వారిలో నేనూ ఒకణ్ణి.

(దృశ్యం: ఎరుపు, పసుపు, నీలం కాలి రింగులు.)

మందలో ఒకే పుంజు, 15 పెట్టలు ఉంటే తరానికి సుమారు 13 శాతం చొప్పున రక్తం దగ్గరవుతుంది. అవే 15 పెట్టలను మూడు దొడ్లుగా విడదీసి, దొడ్డికొక పుంజును పెడితే అది 5 శాతానికి దిగుతుంది. దొడ్లకు ఎరుపు, పసుపు, నీలం అని పేర్లు పెట్టుకోండి. పెట్ట ఎప్పుడూ పుట్టింట్లోనే ఉంటుంది, పుంజే ఇల్లరికం పోతుంది: ఎరుపులో పుట్టిన పుంజు పసుపుకు, పసుపుది నీలానికి, నీలానిది ఎరుపుకు. ఏటా ఈ వరుస తప్పకపోతే సొంత అన్నాచెల్లెళ్లు కలిసే ప్రమాదం ఉండదు, బయటి నుంచి పుంజును తెచ్చే అవసరమూ చాలా ఏళ్లు రాదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కోళ్లలో ఆడా మగా అన్నది తేల్చే జెడ్ క్రోమోజోములు పుంజుకు రెండు, పెట్టకు ఒకటే. ఆ ఒక్కటీ పెట్ట తన కొడుకులకే ఇస్తుంది, కూతుళ్లకు ఇవ్వదు. కనుక ఆ క్రోమోజోము మీదుండే గుణాలు మంచి పెట్ట నుంచి మనవరాళ్లకు చేరాలంటే దాని కొడుకును దాచుకోవాలి. మేలైన పెట్టకు పుట్టిన పుంజు పిల్లను తొందరపడి సంతకు పంపకండి.

(దృశ్యం: పసుపు కాలు, తెల్ల కాలు పక్కపక్కన.)

పుంజును మార్చినప్పుడు నేను చేసిన పొరపాటు చెబుతాను. పసుపు కాళ్ల పెట్టల దగ్గర నుంచి తెల్లకాళ్ల పుంజును తీసి, పసుపు కాళ్ల పుంజును వదిలి, ఆరోరోజు నుంచి పెట్టిన గుడ్లను పొదిగించాను. రెండు నెలలకు చూస్తే పిల్లల్లో నాలుగింటికి కాళ్లు తెల్లగా ఉన్నాయి. తెలుపు పైకి తేలే గుణం, పసుపు దాగే గుణం. రెండు పసుపు కాళ్ల పక్షులకు తెల్లకాళ్ల పిల్ల పుట్టదు. అవి పాత పుంజు పిల్లలే. పెట్ట తన కడుపులో పుంజు వీర్యాన్ని రెండు మూడు వారాల పాటు నిలవ ఉంచుకోగలదు. అప్పటి నుంచి పుంజును మార్చిన తర్వాత మూడు వారాల గుడ్లు కూరకే వాడుతున్నాము.

చివరిగా ఒక్క మాట, మన నెల్లూరు జిల్లాకు సంబంధించినది. 2024 ఫిబ్రవరిలో పొదలకూరు, కోవూరు మండలాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. అలాంటి రోగం వచ్చినచోట చుట్టుపక్కల కోళ్లన్నిటినీ చంపి పూడ్చవలసి వస్తుంది, మన పదేళ్ల వరుసకు మినహాయింపు ఉండదు. అందుకే ఎరుపు దొడ్డి పుంజు ఒకటి, పెట్టలు మూడు ఉదయగిరి వైపు మా పెద్దమ్మగారింట్లో పెరుగుతున్నాయి, నోటు పుస్తకం నకలు కూడా వారి దగ్గరే ఉంది.