"ఆయ్" అంటే అర్థమైనట్టేనా?

నమస్కారమండి. నేను స్టాఫ్ నర్సుని, భీమవరం వైపు ఓ ఆస్పత్రిలో చేస్తున్నాను.

మా గోదావరి జిల్లాల్లో పేషెంటుకి ఏం చెప్పినా ఒకటే జవాబు, "ఆయ్". మాత్రలు టైముకి వేసుకోవాలండి అంటే ఆయ్. ఉప్పు తగ్గించాలండి అంటే ఆయ్. డ్యూటీలో చేరిన కొత్తలో, అబ్బ, ఎంత బుద్ధిగా వింటున్నారో అని మురిసిపోయేదాన్ని. నేనూ ఇక్కడి పిల్లనే, అయినా బుర్రకి తట్టలేదు. మన ఆయ్‌లో సగం మర్యాదే. వింటున్నానండీ అని, అంతే.

ఓ మామ్మగారికి బీపీ మాత్ర రాశారు, రోజూ పొద్దున్నే ఒకటి. చెప్పాను, ఆయ్ అన్నారు. నెల తిరక్కుండానే మళ్లీ వచ్చారు, పై బీపీ 180 దాటింది. సంచిలోంచి స్ట్రిప్పు తీయిస్తే నాలుగు మాత్రలే ఖాళీ. "కళ్లు తిరిగినప్పుడల్లా వేసుకుంటున్నానమ్మా" అన్నారు. తలనొప్పి మాత్ర నొప్పొస్తేనే కదా వేసుకుంటాం, ఇదీ అలాంటిదే అనుకున్నారావిడ. బీపీ పెరిగినా చాలామందికి పైకి ఏమీ తెలీదన్న ముక్క నేనెక్కడ చెప్పాను?

అప్పట్నుంచి "అర్థమైందా" అని అడగడం మానేశాను. "ఇంటికెళ్లాక మీ కోడలు అడిగితే ఈ మాత్ర గురించి ఏం చెబుతారండీ?" అంటాను. నర్సింగ్‌లో దీన్ని టీచ్ బ్యాక్ అంటారు. పరీక్ష పెట్టినట్టుంటే మాత్రం పెద్దవాళ్లు నొచ్చుకుంటారు. "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకుంటున్నానండి" అంటే సరి.

తెలుగువాళ్లతోనే ఇలాగుంటే, ఇక రొయ్యల చెరువుల మీద పనికి ఒడిశా నుంచి వచ్చేవాళ్ల సంగతి చూడండి. ఒక కుర్రాడు జ్వరంతో వచ్చాడు. ఏమైంది బాబూ అంటే నన్ను చూస్తూ "ముండొ, ముండొ" అంటాడు. నాకు ఒళ్లు మండిపోయింది! పక్క బెడ్డు ఆయనైతే కొట్టడానికి లేచాడు. పాపం వాడు రెండు చేతులతో తల పట్టుకున్నాడు. అప్పుడు వెలిగింది. ఒడియాలో ముండొ అంటే తల. "ముండొ బింధుచి", తల నొప్పెడుతోందని.

వెంట వచ్చిన మేస్త్రీకి రెండు భాషలూ వచ్చు. కానీ కుర్రాడు రెండు నిమిషాలు మాట్లాడితే ఆయన "ఏం లేదు సిస్టర్, జ్వరమే" అని తేల్చేశాడు. రేపు పొద్దున వీడు చెరువు మీద ఉండాలి, అదీ ఆయన తొందర. అందుకే సొంత విషయాలు అడిగేటప్పుడు మేస్త్రీని బయట కూర్చోబెడతాను. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో 2020 నుంచి ఒడియా ఉంది. పొట్టి మాటలకు పనికొస్తుంది. మాత్రల లెక్క మాత్రం దానికి వదలను. కవరు మీద సూర్యుడూ చంద్రుడూ గీసి, వాటి కింద మాత్రలు పెట్టి, మళ్లీ వాడి చేతే పెట్టిస్తాను. వాడి టీచ్ బ్యాక్ అదే.

ఆ కుర్రాణ్నే అడిగి ఒక చార్టు రాసుకున్నాను. పాణి అంటే నీళ్లు. పేటొ, కడుపు. ఛాతి మనకి తెలిసిందే. రాతిరె అంటే రాత్రి, ఇది ఎవరికైనా తెలిసిపోతుంది. తలతో మొదలుపెట్టి పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి నర్సుల టేబుల్ వెనక గోడకి అంటించాను. మర్నాడు రౌండ్స్‌కి వచ్చిన డాక్టరుగారు మొదటి లైను చదివి, కళ్లజోడు తీసి, నా వైపు ఒక చూపు చూశారండీ...