వాన నీటికి లెక్క కట్టే క్యాంపస్

శ్రోతలకు నమస్కారం.

2020 అక్టోబరు 13న హైదరాబాద్ శివారు ఘట్‌కేసర్ ప్రాంతంలో ఒక్క రోజులో 32 సెంటీమీటర్ల వాన పడింది. నాలుగు రోజులకు మళ్లీ కురిసిన వానకి బాలాపూర్ దగ్గర గుర్రం చెరువు కట్ట తెగి, దిగువ కాలనీలు మునిగాయి. అప్పటి నుంచి ఏటా వానాకాలం ముందు వినిపించే మాట ఒకటే: నాలాలు వెడల్పు చేయాలి. చేయాల్సిందే. కానీ నాలా నీటికి దారి ఇస్తుందే తప్ప, పైనుంచి వచ్చే నీటిని తగ్గించదు. తగ్గించేవి మట్టి, చెట్టు, చెరువు. ఈ మూడింటినీ ఇంజినీరింగ్ పనిగా మార్చడంలో సాంకేతిక విశ్వవిద్యాలయం ఏం చేయాలో ఈ పూట చూద్దాం.

ముందు ఒక చిన్న లెక్క. హెక్టారు స్థలం, అంటే సుమారు రెండున్నర ఎకరాలు. దాని మీద గంటకు 60 మిల్లీమీటర్ల జోరుతో వాన పడుతోందనుకోండి. అదంతా స్లాబులు, సీసీ రోడ్లు, టైల్సే అయితే సెకనుకు 150 లీటర్ల నీరు కాలువలో దిగుతుంది. అదే చోట చెట్లు, గడ్డి, వదులు మట్టి ఉంటే 50 లీటర్లకు మించదు. అయితే ఈ అంకెలు పుస్తకాల్లో ఉన్న గుణకాలు, అంటే పడిన వానలో పారిపోయే వంతులు, వేసి తీసినవి. మన వీధిలో, మన మట్టిలో ఆ గుణకం నిజంగా ఎంతో కొలిచినవాళ్లు తక్కువ. విశ్వవిద్యాలయం పని అక్కడే మొదలవ్వాలి.

1972లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం, అదే జేఎన్‌టీయూ, 2008లో విడిపోయింది కదా. హైదరాబాద్, కాకినాడ, అనంతపురం వర్సిటీలు మూడూ మూడు రకాల నేలల మీద ఉన్నాయి. హైదరాబాద్ కింద గ్రానైట్, దాని మీద మొరం. కాకినాడలో వానాకాలం వచ్చేసరికి భూగర్భ జలం దాదాపు పైకే ఉంటుంది. అక్కడ ఇంకుడు గుంత తవ్వితే వాన రాకముందే నిండుతుంది. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు కాలువల్లో నీరు వెనక్కి తంతుంది కాబట్టి అక్కడ కావలసింది నీటిని కొన్ని గంటలు ఆపి ఉంచే పల్లపు మైదానాలు, పక్కనే ఉన్న కోరింగ మడ అడవుల రక్షణ. అనంతపురంలో ఏడాది మొత్తానికి పడేదే సుమారు 550 మిల్లీమీటర్లు. అక్కడ ప్రతి చుక్కనీ భూమిలోకి పంపాలి, మొక్క ఎనిమిది నెలల ఎండకు తట్టుకోవాలి. ఒకే డ్రాయింగ్ మూడు ఊళ్లకూ పంపితే రెండు చోట్ల పని చెడుతుంది.

మట్టి ఎంత నీరు తాగుతుందో కొలవడానికి ఖరీదైన యంత్రమేదీ అక్కర్లేదు. రెండు ఇనుప రింగులు చాలు: లోపలిది 30 సెంటీమీటర్ల వ్యాసం, బయటిది 60. రెండింటినీ నేలలోకి 10 నుంచి 15 సెంటీమీటర్లు సమంగా దించి, నీళ్లు పోసి, లోపలి రింగులో మట్టం ఎంత సేపట్లో ఎంత తగ్గిందో రాసుకోవాలి. బయటి రింగులో నీరున్నందువల్ల లోపలి నీరు పక్కలకు జారకుండా నేరుగా కిందికి దిగుతుంది. మొదటి అరగంట మట్టం గబగబా పడిపోతుంది. ఆ అంకె పట్టుకుని డిజైన్ చేస్తే తప్పుతుంది. నేల బాగా తడిసి వేగం ఒక తీరుకు వచ్చాక, చాలాసార్లు రెండు మూడు గంటలకు, వచ్చేదే అసలు అంకె. నల్లరేగడి విషయంలో ఇంకో చిక్కుంది. మే నెలలో నేల నెర్రెలిచ్చినప్పుడు కొలిస్తే నీళ్లన్నీ నెర్రెల్లోకి పోయి, ఆహా ఏం నేల అనిపిస్తుంది. ఆగస్టులో అదే నేల ఉబ్బి మూసుకుపోయాక గంటకు ఒకటి రెండు మిల్లీమీటర్లు దిగడమే గగనం. కొలత వానాకాలంలోనే తీయాలి.

ఇక కట్టే పని. క్యాంపస్‌లో 1000 చదరపు మీటర్ల పార్కింగ్ స్థలం తీసుకుందాం. 40 మిల్లీమీటర్ల వాన పడితే అక్కడి నుంచి పారే నీరు దాదాపు 36 వేల లీటర్లు. దాని పక్కన 80 చదరపు మీటర్లలో రెయిన్ గార్డెన్, అంటే వాన నీటిని ఆపి ఇంకించే పల్లపు తోట, కడితే ఆ నీరంతా అందులోనే ఇముడుతుంది. ఎలాగంటే, పైన 20 సెంటీమీటర్ల లోతున నిలిచే నీరు 16 వేల లీటర్లు. దాని కింద 60 సెంటీమీటర్ల మట్టి మిశ్రమం సందుల్లో 12 వేలు. అడుగున 30 సెంటీమీటర్ల 20 ఎంఎం కంకరలో ఇంకో తొమ్మిదిన్నర వేలు. మట్టికీ కంకరకూ మధ్య 10 సెంటీమీటర్ల బేబీ చిప్స్, అంటే సన్న కంకర, పొర వేయాలి. అక్కడ జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిస్తే కొన్నాళ్లకు సన్నమట్టి పట్టేసి మూసుకుపోతుంది, తవ్వి తీస్తే తప్ప బాగుపడదు. కంకరలో చిల్లులున్న 110 ఎంఎం పీవీసీ పైపు పెట్టి, దాన్ని నాలాలో కలపాలి. 20 సెంటీమీటర్లు దాటిన నీరు పొర్లి పోవడానికి జాలీ మూతతో ఒక ఛాంబర్ కూడా ఉండాలి.

మిశ్రమం నూటికి 60 పాళ్లు దొడ్డు ఇసుక, 25 ఎర్రమట్టి, 15 బాగా మాగిన కంపోస్టు. ఎక్కువ పనులు పాడయ్యేది ఇక్కడే. ఏటి ఇసుక ప్రియం కాబట్టి కాంట్రాక్టర్ రోబో శాండ్, అంటే క్రషర్‌లో రాయి పిండి చేసిన ఇసుక, తెస్తాడు, కొన్నిసార్లు ఏకంగా క్వారీ డస్టే తెస్తాడు. కడగని క్రషర్ ఇసుకలో రాతి పొడి ఎక్కువ. రెండు వానలకే ఆ పొడి కిందికి దిగి గట్టి పొరగా పేరుకుంటుంది. 75 మైక్రాన్ల జల్లెడ దాటే పొడి 5 శాతం మించిన ఇసుకను వెనక్కి పంపేయాలి. కంపోస్టు బదులు పచ్చి పేడ వేస్తే అందులోని నత్రజని, భాస్వరం నీటితో కలిసి చెరువుకు చేరి నాచు పెంచుతాయి. గుంతలోకి జేసీబీ దింపితే అడుగు మట్టి అణిగిపోయి నీరు దిగదు. బకెట్‌ను ఒడ్డు నుంచే ఆడించాలి. చుట్టుపక్కల సిమెంటు పని అంతా ముగిశాకే గార్డెన్ మొదలుపెట్టాలి, లేకపోతే సిమెంటు పాలు అందులో చేరతాయి.

ఇంకో మామూలు తప్పు: తోటమాలి అలవాటు కొద్దీ మట్టి ఎత్తు చేసి పాదులు కడతాడు. రోడ్డు కంటే తోట ఎత్తయితే నీరు లోపలికి ఎలా వస్తుంది? కెర్బ్‌ను, అంటే రోడ్డు అంచు గట్టును, 45 సెంటీమీటర్ల వెడల్పున కోసి, లోపలి వైపు 5 సెంటీమీటర్లు పల్లం ఉంచాలి. మొక్కల్లో వట్టివేరు, గరిక మన ఎండలకు నిలుస్తాయి. మెట్ట తామర చూడ్డానికి బాగుంటుంది గానీ వేసవిలో నీళ్లడుగుతుంది. దోమల భయం చాలామందికి ఉంటుంది, న్యాయమే. గుడ్డు దోమగా మారడానికి సుమారు వారం పడుతుంది. సరిగా కట్టిన గార్డెన్‌లో నీరు 24 గంటలు మించి నిలవదు. నిలిచిందంటే అది కట్టడంలో లోపం, మొక్కలది కాదు.

కట్టాక కొలవాలి. బయటికి పోయే పైపు దగ్గర చిన్న తొట్టి కట్టి, 90 డిగ్రీల వి-నాచ్ పలక, అంటే V ఆకారంలో గాటు కోసిన పలక, బిగిస్తారు. వి అడుగు నుంచి నీరు 10 సెంటీమీటర్ల ఎత్తున పారుతుంటే సెకనుకు 4.4 లీటర్లు పోతున్నట్టు. 20 సెంటీమీటర్లయితే దాదాపు 25. పక్కనే ఐదేసి నిమిషాలకు లెక్క రాసే వానమాపకం ఉండాలి. రోజు మొత్తానికి ఎంత పడిందన్న అంకె పంటకు పనికొస్తుంది గానీ వీధి మునకకు పనికిరాదు. వీధిని ముంచేది ఆ రోజులోని అరగంటే.

ఇంత కొలత ఎందుకంటే, మున్సిపల్ ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజినీరు, ఎస్టిమేట్ రాసేది ఎస్‌ఎస్‌ఆర్ అనే ప్రభుత్వ ప్రామాణిక రేట్ల పట్టిక చూసి. అందులో ఆర్‌సీసీ డ్రెయిన్‌కు రేటుంది, హ్యూమ్ పైపుకు ఉంది. రెయిన్ గార్డెన్ మట్టి మిశ్రమానికి రేటు లేకపోతే ఆయన ఎంత మంచి మనసున్నవాడైనా విడిగా డేటా తయారు చేసి, పైవాళ్ల ఆమోదం తెచ్చుకోవాలి, రేపు ఆడిట్ అభ్యంతరానికి జవాబూ చెప్పుకోవాలి. అంత తలనొప్పి ఎవరు పడతారు? ఆర్‌సీసీ డ్రెయినే రాసేస్తాడు. నా దృష్టిలో సాంకేతిక విశ్వవిద్యాలయం నగరానికి ఇవ్వగలిగిన అతి విలువైనది సెమినార్ పత్రం కాదు, ఈ రేటు విశ్లేషణ: ఘనపు మీటరు మిశ్రమానికి ఇసుక ఎంత, కూలీలెందరు, ఏ పరీక్ష నెగ్గాలి, మూడు వానాకాలాల్లో ఎంత నీరు ఆపింది. ఆ కాగితం ఉంటే ఐటమ్ ఎస్‌ఎస్‌ఆర్‌లోకి వస్తుంది. వచ్చిన రోజు నుంచి ఊరూరా టెండర్లలో కనిపిస్తుంది.

చెరువుల సంగతి ఇంకా పెద్దది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వచ్చాక, నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య నదికి ఎగువన నీటిని ఆపే జలాశయాలు సూచించారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ అలా వచ్చాయి. వరదను ఆపేది జలాశయంలోని నీరు కాదు, అందులోని ఖాళీ. మన నగరాల్లోని గొలుసుకట్టు చెరువులకు ఇప్పుడా ఖాళీయే లేదు. ఆయకట్టు పోయింది కాబట్టి తూములు మూసేశారు, ఏడాది పొడవునా మురుగు చేరుతోంది. 20 హెక్టార్ల చెరువులో అర మీటరు ఖాళీ ఉంటే 10 కోట్ల లీటర్ల వరద ఆగుతుంది. 50 వేల మంది ఇళ్ల మురుగు రోజుకు 54 లక్షల లీటర్లు. ఎండకు ఆవిరయ్యేది తీసేసినా, చినుకు పడకుండానే నెల తిరక్కుండా ఆ ఖాళీ నిండిపోతుంది. ఆపైన పడిన వాన అలుగెక్కుతుంది, లేదా కట్టను కోస్తుంది.

ఇక్కడ వర్సిటీ సివిల్ విభాగం చేయాల్సింది స్పష్టం. పడవ మీద ఎకో సౌండర్‌తో, అంటే శబ్దంతో లోతు కొలిచే పరికరంతో, చెరువు అడుగు కొలిచి, ప్రతి 10 సెంటీమీటర్ల మట్టానికి ఎంత నీరుందో పట్టిక తయారు చేయాలి. అలుగు ఎత్తును, ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండిన మట్టం) హద్దును డీజీపీఎస్ అనే ఉపగ్రహ సర్వే పరికరంతో కట్టుదిట్టంగా తేల్చాలి. తూముకు మళ్లీ షట్టర్ పెట్టించి, వాన సూచన రాగానే ఎన్ని గంటలు వదలాలో చెప్పాలి. గొలుసులో ముందు కింది చెరువు ఖాళీ చేసి, తర్వాత పైచెరువు వదలాలి. వరస తప్పితే మనమే వరద తెచ్చినవాళ్లమవుతాం.

చివరగా, చాలా వర్సిటీల్లో ఇలాంటి పనులు ఫైనలియర్ ప్రాజెక్టుగా మొదలై, ఆ బ్యాచ్ వెళ్లిపోగానే ఆగిపోతాయి. సెన్సర్ బ్యాటరీ అయిపోతుంది, మార్చేవాడుండడు. అందుకే కొలతల బాధ్యత విద్యార్థులకు కాకుండా జీతం మీద ఉన్న ఒక ల్యాబ్ టెక్నీషియన్‌కు రాయాలి. మున్సిపల్ పనుల్లో కాంక్రీట్ క్యూబులు పగలగొట్టి నాణ్యత తేల్చే పని ఇంజినీరింగ్ కాలేజీలు ఇప్పటికే చేస్తున్నాయి. రెయిన్ గార్డెన్‌కు క్యూబు బదులు ట్యాంకర్. మొదటి 5000 లీటర్లతో నేల తడిపి, రెండో 5000 లీటర్లు వదలాలి. 80 చదరపు మీటర్ల మీద అది 6 సెంటీమీటర్ల లోతు; గంటలోపు ఇంకిపోతే బిల్లు పాస్ చేయొచ్చు. రెండో వానాకాలం అయ్యాక మళ్లీ ఇదే పరీక్ష పెట్టి, నాలుగు గంటలు పట్టిందంటే పై 5 సెంటీమీటర్ల మట్టి గీకి తీసి కొత్త మిశ్రమం వేయించాలి. ఆ ఖర్చును మొదటి టెండర్‌లోనే, డిఫెక్ట్ లయబిలిటీ కాలం (లోపాలను కాంట్రాక్టరే సరిచేయాల్సిన గడువు) కింద రాసి పెట్టుకోవాలి.

నమస్కారం.