కోహాలో హోల్డ్ గడువు సెలవు రోజున పడితే?

అందరికీ నమస్కారం. ఈరోజు రివ్యూ లైబ్రరీ పనులు నడిపే కోహా సాఫ్ట్‌వేర్ మొత్తం గురించి కాదు, అందులోని ఒక్క విషయం గురించే. పాఠకుడు రిజర్వ్ చేసుకున్న పుస్తకం వచ్చింది (ఈ రిజర్వేషన్‌నే హోల్డ్ అంటారు), హోల్డ్ షెల్ఫ్‌లో పెట్టాం. తీసుకెళ్లడానికి ఆఖరి తేదీ సరిగ్గా లైబ్రరీ మూసి ఉండే రోజున పడింది. అప్పుడేమవుతుంది?

కోహా 1999లో న్యూజిలాండ్‌లో పుట్టిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. ఈ చిక్కుకు మందు అందులోనే ఉంది. కానీ మనం వెళ్లి ఆన్ చేసేదాకా అది పనిచేయదు. నాకు నచ్చనిది అదే.

స్క్రీన్ చూడండి. ఇది నా టెస్ట్ సర్వర్. క్యాలెండర్‌లో ఆదివారం సెలవు పెట్టాను. రిజర్వ్స్ మ్యాక్స్ పికప్ డిలే, అంటే పుస్తకాన్ని ఎన్ని రోజులు ఆపి ఉంచాలన్నది, 5 పెట్టాను. మంగళవారం పుస్తకం చెకిన్ చేశాను, అంటే లైబ్రరీకి చేరినట్టు నమోదు చేశాను. గడువు ఏం పడిందో చూడండి... ఆదివారం! తలుపులు మూసి ఉండే రోజు.

మామూలుగా ఆ సంఖ్య 7 ఉంటుంది. ఏడు రోజులంటే మంగళవారం చెకిన్ చేస్తే మళ్లీ మంగళవారమే వస్తుంది కాబట్టి గడువు ఆదివారం మీద పడదు. అందుకే చాలా లైబ్రరీల్లో ఈ లోపం ఏళ్ల తరబడి బయటపడదు. 7ను 5 చేసిన రోజునో, పండగ సెలవు వచ్చినప్పుడో పాఠకుల ఫోన్లు మొదలవుతాయి.

ఇక్కడ చాలామంది వెతికి పట్టుకునే సెట్టింగ్ ఎక్స్‌పైర్ రిజర్వ్స్ ఆన్ హాలిడేస్. సెలవు రోజుల్లో హోల్డ్‌లు రద్దు చేయొద్దని పెడితే ఆదివారం రద్దు కావు, నిజమే. కానీ రాత్రిపూట దానంతటదే నడిచే క్రాన్ జాబ్ అనే ప్రోగ్రామ్ గడువు దాటిన హోల్డ్‌లను వెతుకుతుంది. సోమవారం తెల్లవారుజామున అది నడిచేసరికి ఆదివారం గడువు దాటిపోయినట్టే. ఆటోమేటిక్ రద్దు ఆన్‌లో ఉంటే, మనం తాళం తీయకముందే హోల్డ్ పోతుంది. పొద్దున్నే వచ్చిన పాఠకుడికి ఏం చెప్పాలి? ఈ సెట్టింగ్ వల్ల ఆయనకు ఒక్క గంట కూడా కలిసి రాలేదు.

పాఠకుడికి పనికొచ్చేది ఇంకోటి: ఎక్స్‌క్లూడ్ హాలిడేస్ ఫ్రమ్ మ్యాక్స్ పికప్ డిలే. ఇది ఆన్ చేసి అదే పుస్తకాన్ని మళ్లీ మంగళవారమే చెకిన్ చేశాను. బుధ, గురు, శుక్ర, శని, ఆదివారం వదిలేసి సోమవారం. ఐదూ లైబ్రరీ తెరిచి ఉండే రోజులే. ఇలా లెక్కపెడితే, క్యాలెండర్‌లో ముందే పెట్టిన సెలవు రోజున గడువు పడే అవకాశమే లేదు. నా మార్కులన్నీ దీనికే. పేర్లు రెండూ దాదాపు ఒకేలా ఉండటం వల్ల మొదటిది పెట్టి పని అయిపోయిందనుకుంటారు, జాగ్రత్త.

బ్రాంచ్‌లు ఎక్కువగా ఉన్నవాళ్లు ఒకటి చూసుకోండి. పుస్తకం ఏ బ్రాంచ్‌లో తీసుకుంటారో ఆ బ్రాంచ్ క్యాలెండరే లెక్కలోకి వస్తుంది. సెలవు ఒక్క బ్రాంచ్‌కే పెట్టి, అన్నింటికీ కాపీ చేయకపోతే మిగతా చోట్ల పాత కథే.

ఇక మిగిలిన లోటు. గడువు తేదీ పుస్తకం షెల్ఫ్‌కి చేరినప్పుడే రికార్డులో రాసేస్తుంది. వానల వల్ల రేపు అనుకోకుండా మూసేశారనుకోండి, ఈరోజు క్యాలెండర్‌లో సెలవు పెట్టినా పాత హోల్డ్‌ల తేదీలు కదలవు. అలాంటప్పుడు ఆ రాత్రే రద్దు చేసే క్రాన్ జాబ్‌ని ఆపించండి, తెరిచాక పాఠకులకు రెండు రోజులు టైమిచ్చి మళ్లీ నడిపించండి.